ఎక్కనన్న చెట్టు

కీర్తిప్రియ ఇకమీదట ఏ విమానం నడపాలో ఆ మే నెలలో కీర్తిప్రియకు తప్ప విస్సన్నపేట రోడ్డు పొడుగునా అందరికీ తెలుసు. నూజివీడు బస్టాండులో ఆమె సూట్‌కేసు అందుకున్న ఆటో మనిషి, ఊరు దాటగానే అద్దంలోంచి చూస్తూ, "సరుకు విమానానికి కెప్టెన్‌గా వెళ్తున్నారంట కదండీ, మీ నాన్నగారు చెప్పారు," అన్నాడు. ఆమె "ఇంకా ఏమీ అనుకోలేదండీ," అని, దారికి రెండు పక్కలా కాయల బరువుకు వంగిన మామిడి కొమ్మలను చూస్తూ కూర్చుంది.

ఇంటికి చేరేసరికి తల్లి కామేశ్వరి వరండాలో పరిచిన చాపమీద తాండ్రకు రసం పూస్తోంది. నిన్నటి పూత ఎండి తళతళలాడుతుంటే, దానిమీద ఇవాళ్టి రసాన్ని అరచేత్తో అంచులదాకా, ఎక్కడా మందం పెరగకుండా సర్దుతోంది. చేతులు ఖాళీ లేనందువల్ల కూతురిని గడ్డంతోనే లోపలికి రమ్మంది. తండ్రి తిరుపతిరావు మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి, సూట్‌కేసు తానే అందుకున్నాడు.

"ఆదివారం సాయంత్రంలోగా ఆ సరుకు విమానాలవాళ్లకి చెప్పాలన్నావు కదా. ఇంకా చెప్పలేదేం?"

"మంచినీళ్లు తాగనివ్వండి దాన్ని," అంది కామేశ్వరి.

మంచినీళ్లు తాగడం అయింది, భోజనమూ అయింది. చేతులు కడుక్కుని వచ్చిన కామేశ్వరి కూతురి ఎదురుగా కూర్చుని, పెళ్లి సంబంధాలు అడిగినట్టుగా ఒక్కొక్కటే అడిగింది.

"ఇప్పుడున్న చోటే ఉంటే?"

"అదే చిన్న కంపెనీ, అదే ప్రొపెల్లర్ విమానం. రాజమండ్రి, కడప, తిరుపతి. రోజుకు నాలుగైదుసార్లు ఎక్కడం, దిగడం. కెప్టెన్ని ఎప్పుడు చేస్తారో తెలీదు."

"పెద్ద కంపెనీకి వెళితే?"

"జెట్టు విమానం. ఢిల్లీలో ఉండాలి. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా అక్కడ కొత్తగా చేరినట్టే లెక్క, వరసలో చిట్టచివర నిలబడాలి. కెప్టెన్ అయ్యేసరికి ఆరేళ్లో ఏడేళ్లో పడుతుంది."

"ఈ సరుకు విమానమైతే?"

"వచ్చే ఏడాదికల్లా కెప్టెన్," అని కూతురికంటే ముందే జవాబిచ్చాడు తిరుపతిరావు. తన చొక్కా భుజంమీద నాలుగు వేళ్లు ఆనించి, "నాలుగు గీతలు," అన్నాడు.

"అందులో మనుషులే ఉండరంటగా?"

"పెట్టెలుంటాయి. పెట్టెలు కాఫీ అడగవు, ఆలస్యమైందని అరవవు. అంతకంటే ఏం కావాలి?"

"రాత్రంతా తిరగాలి నాన్నా."

"కళ్లకింద నలుపొస్తే మీ అమ్మ కీరదోసకాయ ముక్కలు కోసి పెడుతుందిలే," అన్నాడు తిరుపతిరావు. నవ్వుతూనే అన్నా, ఆ తర్వాత అతని గొంతు మారింది. "నీ వెనక చేరినవాణ్ణి నీకంటే ముందు కెప్టెన్ చేసిన కంపెనీలో ఇంకొక్క రోజు కూడా ఉండటానికి వీల్లేదు. ఆడపిల్లవి, అడగలేవనే కదా వాళ్ల ధైర్యం. పైగా ఒక్క మాట చెప్పారా? ఎందుకు ఆపామో చెప్పొద్దూ? మాటైనా అనకుండా మనిషిని పక్కన పెట్టడమేంటి?"

కీర్తిప్రియ చాపమీద వాలబోయిన ఈగను తోలింది. తనను ఎందుకు ఆపారో ఆమెకు తెలుసు. ఇంట్లో చెప్పలేదు.

*

ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. పెద్దదేమీ కాదు కాని, తెల్లవారి తోటలోకి వెళ్లేసరికి ఆకుల చివరల నుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. నేలమీద పడి పగిలిన కాయల వాసన గాలిలో పులుపుగా నిలిచింది. చాట్రాయి వైపు డొంక పక్కన ఉన్న ఆ తోటలో ముప్పాతిక భాగం బంగినపల్లి. డొంక వారగా మాత్రం తాత నాటించిన చిన్నరసాల చెట్లు ఉన్నాయి. అవి ఎత్తుగా పెరిగినవి. కింద నిలబడి కోస్తే అందేది కొంతే. మిగతాదానికి పంగల దాకా ఎక్కి, కర్రకు వల కట్టిన చిక్కంతో కాయను తొడిమతో సహా లాగి దించాలి.

కోతమనుషుల్లో మొదటి చెట్టు ఎప్పుడూ నాంచారయ్యది. రోజూ అతను ఎక్కాకనే తక్కినవాళ్లు ఎక్కుతారు. టీ కూడా మొదట అతనికే పోస్తారు. ఆ ఉదయం నాంచారయ్య డొంక వారన ఉన్న పెద్దచెట్టు దగ్గరకు వెళ్లి, మొదలు మీద అరచెయ్యి ఆనించి, ఆ చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. తలెత్తి పంగలను కాసేపు చూశాడు.

"ఇవాళ దీన్ని ఎక్కనండి," అన్నాడు తిరుపతిరావుతో. "బెరడు బాగా నానింది. మధ్యాహ్నానికి ఆరుద్దండి."

"లారీ మధ్యాహ్నానికే కదయ్యా."

"అవునండి."

"సరే," అన్నాడు తిరుపతిరావు. అతని ముఖంలో కోపం లేదు, గొంతు పెరగలేదు. నాంచారయ్య చేతిలోని చిక్కం అందుకుని, వెనక నిలబడ్డ రవిచంద్రకు ఇచ్చాడు. రవిచంద్ర కిందటేడు పెళ్లయినవాడు, చురుకైనవాడు. నాంచారయ్య భుజంమీది తువ్వాలు తీసి చుట్టగా చుట్టి, తలమీద పెట్టుకుని, బుట్టలు మోసేవాళ్ల వైపు నడిచాడు. ఎవరూ అతన్ని చూడలేదు. చూడకుండా ఉండటానికి తలా ఒక పని వెతుక్కున్నారు.

కీర్తిప్రియ పాకలో కూర్చుని కాయలు ఏరుతున్న ఆడవాళ్లతో కలిసింది. దించిన కాయను తొడిమ కిందికి వచ్చేలా బోర్లించి, సొన కారనిచ్చి, మచ్చ పడ్డవాటిని వేరుచేసి, వరిగడ్డి పరిచిన ట్రేలలో పేర్చాలి. చిన్నప్పుడు నేర్చిన పనే కాబట్టి చేతులకు గుర్తుంది. పక్కన కూర్చున్న జ్యోతిని అడిగింది:

"నాంచారయ్య బుట్టలు మోస్తున్నాడేంటి?"

"ఎక్కనన్నాడు కదండీ."

"అయితే?"

"ఎక్కనన్న మనిషికి బుట్టలేనండి. మీ తాతగారి నాటి నుంచీ ఉన్న పద్ధతే కదండీ, మీకు తెలీదా?" జ్యోతికి ఈ అజ్ఞానం వింతగా తోచింది. "చదువు కోసం చిన్నప్పుడే పంపించేశారులెండి."

"ఈ ఒక్కరోజేనా?"

"కోత అయ్యేదాకానండి. టీ కూడా ఇంక ఆఖర్నే."

చెట్టుమీద నుంచి రవిచంద్ర గొంతు వినబడింది, బుట్ట జరపమని. ఏరుతున్న కాయను చేతిలోనే ఉంచుకుని కీర్తిప్రియ బయటికి చూసింది. అతని పాదాలు నానిన బెరడుమీద పట్టు వెతుక్కోవడం కనిపించింది. ఒక పంగ నుంచి మరో పంగకు, చిక్కాన్ని ముందు తగిలించుకుని, తర్వాత తాను. జ్యోతి మాట్లాడుతూనే ఉంది. కీర్తిప్రియకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. అతను జారతాడని భయపడింది. అంతకంటే లోతున ఎక్కడో, జారితే నాంచారయ్య మాట నిలబడుతుందన్న ఆశ కూడా కదలడంతో తన మీద తనకే రోత కలిగింది.

అతను జారలేదు. చెట్టంతా కోసి, దిగి, చేతులు దులుపుకుని, మొదటి టీ తాగాడు. లారీ వచ్చి వెళ్లింది.

ఏమీ కాలేదు. అదే ఆమెను కుదుపుతున్న సంగతి. ఫిబ్రవరిలో, హైదరాబాదులో, వరసగా నాలుగు ట్రిప్పులు నడిపి దిగిన సాయంత్రం, ఐదోదానికి సిద్ధం కమ్మంటే, మీటర్లమీద అంకెలు ఒకటికి రెండుసార్లు చదివితే కాని తలకెక్కడం లేదని గ్రహించి, "ఇక నడపలేను, అలసిపోయాను," అని చెప్పింది. చెప్పవచ్చునని రూలుంది. "సరే," అన్నారు. ఇంకో కో-పైలట్‌ను పిలిపించారు. అతను ఆ విమానాన్ని కడపకు తీసుకెళ్లి, క్షేమంగా దింపి, కిటికీలోంచి సూర్యాస్తమయాన్ని ఫొటో తీసి అందరికీ పంపాడు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. కెప్టెన్ శిక్షణకు పేర్లు వచ్చినప్పుడు మాత్రం ఆ కో-పైలట్ పేరు ఉంది.

సాయంత్రం మోటారు దగ్గర నాంచారయ్య కాళ్లు కడుక్కుంటుంటే ఆమె వెళ్లి నిలబడింది. ఏమడగాలో తెలియక, "మెడ నొప్పెడుతోందా?" అంది.

"అలవాటు తప్పిందండి, అంతే." అతను నవ్వాడు. "మా ఆవిడ నా ముందు బుట్ట మోసుకెళ్తా, ఏం మావా, నేలమీదికొచ్చావే అంటందండి."

"మళ్లీ ఇలాగే చెట్టు తడిసి ఉంటే ఏం చేస్తావు నాంచారయ్యా?"

"ఎక్కేస్తానండి," అన్నాడతను. వెంటనే అన్నాడు, ఆలోచించకుండా.

ఇంటిదాకా ఆ మాట ఆమె వెంట వచ్చింది. ఏప్రిల్‌లో రాజమండ్రిలో, కళ్లు మండుతున్న ఒక సాయంత్రం, "ఇంకొక ట్రిప్పు..." అని కెప్టెన్ పూర్తిగా అడగకముందే "ఎస్ సర్" అన్నది తనే. ఇన్నాళ్లూ తాను బాధపడుతున్నది భుజంమీది గీత గురించి అనుకుంది. కాని చేజారిపోయింది గీత కాదు. ఫిబ్రవరిలో ఉన్న ఆ నోరు ఏప్రిల్‌కే లేకుండా పోయింది. వెనక డెబ్భైమంది కూర్చుని ఉండగా, మళ్లీ అంకెలు తలకెక్కని సాయంత్రం వస్తే, తాను ఏమంటుందో తనకే నమ్మకం లేదు.

భోజనాల తర్వాత వరండాలో తండ్రి దగ్గర కూర్చుంది.

"నాంచారయ్యని కోత అయ్యేదాకా బుట్టల్లో పెట్టావంట?"

"పెట్టడమేంటమ్మా, అది పద్ధతి. శిక్షయితే నాలుగు మాటలు అనేవాణ్ణి. ఒక్క మాటన్నానా?"

"అనలేదు. మా కంపెనీవాళ్లూ అనలేదు."

తిరుపతిరావు కూతురి వైపు తిరిగాడు. ఆమె చాప అంచును చూస్తూ ఫిబ్రవరి సాయంత్రం సంగతి చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు. విన్నంతసేపూ అతను చేతిలోని విసనకర్ర ఊపలేదు.

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే, ఆ ఒక్క ట్రిప్పూ నడిపేస్తే పోయేది కదా అంటావేమోనని."

అతను అలా అననని చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. "అనేవాణ్ణే," అన్నాడు. విసనకర్ర పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

*

శనివారం తండ్రి తోటకు వెళ్లాక, కీర్తిప్రియ పెరటి గట్టుమీద కూర్చుని, ముందు రవికిరణ్‌కు ఫోన్ చేసింది. విమానం నడపడం ఇద్దరూ ఒకేచోట నేర్చుకున్నారు. ఆ సరుకు విమానాల కంపెనీలో అతను చేరి రెండేళ్లయింది. ఆమె పేరు అక్కడ చెప్పింది కూడా అతనే.

"చెప్పు కెప్టెన్ గారూ," అన్నాడు రవికిరణ్. "సంతకం పెట్టావా, నూజివీడు రసాలు తింటూ పడుకున్నావా?"

"ఒక్క సంగతి అడుగుతాను. మీ దగ్గర ఎవరైనా, ఈ రోజు నేను ఎగరలేను, అలసిపోయాను అంటే ఏమవుతుంది?"

"ఎవరూ అనరు."

"ఎందుకనరు?"

"ఏంటే ఇది, ఇంటర్వ్యూనా? జీతం అడుగు, ఇల్లు అడుగు, చెబుతాను."

"ఎందుకనరు రవీ?"

అవతల అతను ఏదో తలుపు వేసుకున్న చప్పుడైంది. గొంతులో వేళాకోళం తగ్గింది. "ఒకడన్నాడు. నెలరోజులు ఇంట్లో యూనిఫాం వేసుకుని ఫోన్ కోసం కూర్చోబెట్టారు. పిలవలేదు, తీసేయలేదు. ఆ తర్వాత ఎవరూ అనలేదు. కాని కీర్తీ, కెప్టెన్ వెంటనే అవుతావు. అది మాత్రం నిజం. కెప్టెన్‌వయ్యాక నీ ఇష్టం కదా?"

"నువ్వు కెప్టెన్‌వే కదా. నువ్వు ఎప్పుడైనా అన్నావా?"

"మా అమ్మకి రసాలు ఒక పెట్టె పంపించు," అన్నాడు రవికిరణ్. అదే అతని జవాబు.

తర్వాత శ్వేతకు చేసింది. శ్వేత ఒకప్పుడు ఆమెకు విమానం నడపడం నేర్పిన టీచరు. ఇప్పుడు ఆ పెద్ద సంస్థలో జెట్టు విమానాలకు కెప్టెన్. ఇదే ప్రశ్న అడిగితే, కుక్కర్ కూతల మధ్య, "ఆఁ, రెండుసార్లు చెప్పాను," అంది శ్వేత.

"తర్వాత ఏమైంది మేడమ్?"

"పడుకున్నాను."

"అది కాదు మేడమ్. కంపెనీ ఏం చేసింది?"

"ఇంకొకర్ని పంపింది. ఏం చేస్తుంది మరి?" శ్వేతకు ప్రశ్న అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. "ఇక్కడ చిరాకులు చాలా ఉన్నాయి కీర్తీ, తియ్యగా చెప్పను. ఢిల్లీ చలి, అద్దెలు, పండగలకి సెలవు దొరకదు. నీ తర్వాత నేర్చుకున్నవాళ్లు నీ ముందు నిలబడి ఉంటారు. కడుపు మండుతుంది. అవి అడుగుతావనుకున్నాను. ఇదేం ప్రశ్న?"

ఆ ప్రశ్న అక్కడ ప్రశ్నే కాదు. కీర్తిప్రియకు ఇంకేమీ అడగాలనిపించలేదు. ఫోన్ పెట్టేశాక గట్టుమీదే కూర్చుని, సరుకు విమానాలవాళ్లకు రాలేనని నాలుగు వాక్యాలు, పెద్ద సంస్థకు వస్తానని రెండు వాక్యాలు రాసి పంపింది. పంపాక గుండె దడదడలాడుతుందేమోనని కాసేపు ఎదురుచూసింది. అదేమీ లేదు. ఆకలి వేసింది.

*

"ఆరేళ్లా?" అన్నాడు తిరుపతిరావు, ఆదివారం ఉదయం తోటకు నడుస్తూ.

"ఏడు కూడా కావచ్చు."

అతను మోటారు దాకా నడిచి, అక్కడ ఆగి, "నూజివీడంతా చెప్పేశాను కదమ్మా," అన్నాడు.

"తెలుసు. ఆటోవాడు అభినందించాడు."

ఎండ బాగానే కాసింది. చెట్లు ఆరిపోయాయి. లారీ పంపే వ్యాపారి నారాయణరావు పొద్దున్నే ఫోన్ చేసి, డొంక వారన రెండో రసాల చెట్టు కాయ ఇవాళ తప్పకుండా కావాలన్నాడు. రవిచంద్ర చిక్కం భుజాన వేసుకుని చెట్టెక్కాడు. మొదటి పంగలో కాలు పెట్టి, ఆగాడు. కాలు తీసి మళ్లీ పెట్టాడు. కిందికి చూశాడు. తిరుపతిరావును, ఆ తర్వాత బుట్టల దగ్గర నిలబడ్డ నాంచారయ్యను. మళ్లీ కాలు పైకెత్తబోయి, మానుకుని, దిగివచ్చాడు.

"ఎక్కనండి," అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. "పంగ తేడాగా ఉందండి."

పాకలో చేతులన్నీ ఆగిపోయాయి. తిరుపతిరావు చెట్టు చుట్టూ తిరిగి పంగను అన్ని వైపుల నుంచీ చూశాడు. కీర్తిప్రియ కూడా చూసింది. గాలివానకు రాలిన ఆకుల చోట్లు తప్ప ఆమెకు ఏమీ కనిపించలేదు.

"చీలిందా?"

"చీలినట్టు కనపట్టంలేదండి."

"నాకూ కనపట్టంలేదు. మరేంటి?"

"కాలు పెడితే వేరేగా ఉందండి. ఎట్టా చెప్పాలో తెలీట్లేదండి." రవిచంద్ర చిక్కాన్ని అప్పటికే రెండు చేతులతో ముందుకు చాచాడు, తీసుకోమన్నట్టు.

తిరుపతిరావు ఆ కర్రను చూశాడు. చెయ్యి లేచింది కూడా. ఆ చేతితో మెడ వెనక గోక్కున్నాడు.

"సరే," అన్నాడు. "అది నీ దగ్గరే ఉంచు. వేరే చెట్టు చూడు."

రవిచంద్రకు అర్థం కాలేదు. చాచిన చేతులు అలాగే ఉన్నాయి. ఇంకేదో మాట వస్తుందని అందరూ ఎదురుచూశారు. రాలేదు. తిరుపతిరావే ఇబ్బందిగా కదిలి, బుట్టల వైపు తిరిగి, "నాంచారయ్యా, ఆ బుట్ట దించు. వీణ్ణి తీసుకుని బంగినపల్లి వరస మీదికి పో. ఏది ఎక్కాలో ఏది కూడదో మీరే చూసుకోండి," అన్నాడు.

నాంచారయ్య బుట్ట దించాడు కాని వెంటనే కదల్లేదు. "ఇవాళ్టికేనాండి?" అని అడిగాడు, నేలను చూస్తూ.

"ఎప్పటికీనయ్యా."

"మరి బుట్టలెవరు మోస్తారండీ?" అంది పాకలోంచి జ్యోతి.

"అందరూ తలా కాసేపు మొయ్యండి."

"మీరూనాండీ?"

"నాకు మోకాళ్లు లేవు. మా అమ్మాయి మోస్తుంది. పెట్టెలు మొయ్యనని నిన్ననే రాసిచ్చేసింది, బుట్టలకేం అభ్యంతరం ఉండదు."

నవ్వులు పాకలో మొదలై చెట్లకిందికి పాకాయి. నాంచారయ్య తువ్వాలు చుట్ట విప్పి, దులిపి, భుజాన వేసుకున్నాడు. రవిచంద్ర అతని వెనక నడిచాడు. తిరుపతిరావు నారాయణరావుకు ఫోన్ చేసి, ఇవాళ రసాలు లేవన్నాడు. నారాయణరావు గొంతు రెండు చెట్ల అవతలికి కూడా వినిపిస్తోంది.

"ఏంటి తిరుపతిరావు గారూ, రసాలు లేవంటారేంటి? నిన్న చెట్టునిండా ఉన్నాయి కదా?"

"ఇప్పుడూ ఉన్నాయండీ. ఎక్కేవాడు ఎక్కనన్నాడు."

"ఎక్కనంటే ఊరుకున్నారా? ఇంకోణ్ణి ఎక్కించండి."

"లేదండీ. ఎవర్నీ ఎక్కించడం లేదు. నిచ్చెనలు తెప్పించి అందినమటుకు కోయిస్తాను, రేపు లారీ పంపండి."

"మీ తోటకి కూడా సెలవులొచ్చాయన్నమాట," అన్నాడు నారాయణరావు.

"వచ్చాయండీ," అని ఒప్పుకుని తిరుపతిరావు ఫోన్ కట్టేశాడు. లారీ పోయిందన్న చిరాకు ముఖంలో ఉంది. ఆ చిరాకుతోనే పాక నీడలో కూతురి పక్కన నులకమంచం మీద కూర్చుని, కాసేపు చెమట తుడుచుకున్నాడు. బంగినపల్లి వరస వైపు నుంచి నాంచారయ్య ఏదో అనడం, రవిచంద్ర గట్టిగా నవ్వడం వినబడ్డాయి.

"ఊళ్లో అడిగితే," అన్నాడతను, "పెద్ద విమానంలో చిన్న పైలట్ అని చెబుతాను. బాగుంటుందా?"

"బాగుంటుంది."

"ఆరేళ్లే కదా."

"ఏడు కూడా కావచ్చు నాన్నా."

"సరేలే, ఏడు." లేచి ఆమెకు చోటిచ్చాడు. "ఏంటి, కళ్లు అలా ఉన్నాయి?"

"నిద్రొస్తోంది," అంది కీర్తిప్రియ. అన్నాక, ఆ మాట ఎవరు విన్నారోనని చుట్టూ చూసుకోలేదు. చెప్పులు విడిచి, మంచంమీద కాళ్లు చాపుకుంది.